టీ దగ్గరి మాట మీటింగ్ గదిలోకి రావాలంటే: టీమ్ కోచ్‌గా పై మెట్టు ఎక్కడం ఎలా

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ. ప్లాంట్ హెడ్, ఆయన కింద ఆరుగురు డిపార్ట్‌మెంట్ హెడ్‌లు. ఆ ఏడుగురికీ టీమ్ కోచ్‌గా, అంటే టీమ్ తన చిక్కుని తనే చూసి దిద్దుకునేలా తోడుండే మనిషిగా, నన్ను పిలిచారు. మొదటి సెషన్‌లో "తయారైన బ్యాచ్ గేటు దాటడానికి ఇన్ని రోజులెందుకు పడుతోంది?" అని అడిగాను. "కోఆర్డినేషన్ ఇంకాస్త పెరగాలి మేడమ్" అన్నారొకరు. "కమ్యూనికేషన్ గ్యాప్ ఉంది" అన్నారింకొకరు. మిగతావాళ్లు తలలూపారు. నేను అవన్నీ బోర్డు మీద రెండు రంగుల్లో పొందిగ్గా రాశాను.

టీ బ్రేక్ ఇచ్చాం. క్యాంటీన్ బయట వేపచెట్టు కింద క్యూసీ (ల్యాబ్‌లో శాంపిల్స్ పరీక్షించే విభాగం) హెడ్, స్టోర్స్ హెడ్ నిలబడి ఉన్నారు. కప్పు పట్టుకుని వెనకాలే వస్తున్న నన్ను చూసుకోలేదు.

"ప్రొడక్షన్ ఆయన శాంపిల్ సాయంత్రం ఆరింటికి మన మొహాన పడేసి, పొద్దున్నకల్లా రిపోర్టు కావాలంటాడు. పెద్దాయన ముందు ఆ మాట అనేదెవరన్నా?"

"అంటే మళ్లీ మన మీదికే వస్తుంది. ఊరుకో."

బోర్డు మీద నేను రాసిన ఇరవై ముక్కల్లో ఈ ముక్క లేదు. అసలు సంగతి అదే.

మంచి ప్రశ్నలు అడగడం, ఓపిగ్గా వినడం, వర్క్‌షాప్ నడపడం మీకు ఇప్పటికే వచ్చనుకుని ఇది రాస్తున్నాను. అవి రాకపోతే ముందు అవి నేర్చుకోండి. వచ్చినవాళ్లకి తర్వాతి మెట్టు నా లెక్కలో ఒక్కటే: చెట్టు కింది మాట గదిలోకి రావాలి. మీ నోటితో కాదు, వాళ్ల నోటితో. ఆ రోజు నేను విన్నది గదిలో చెప్పలేదు. చెప్పుంటే ఆ తర్వాత చెట్టు కింద కూడా ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు.

1. ముందు తల లెక్క పెట్టించండి

ఏ టీమ్‌తో మొదలుపెట్టినా అందరికీ చిన్న చీటీలు ఇచ్చి, పక్కవాళ్లవి చూడకుండా ఒక్క అంకె రాయమనండి: "ఈ టీమ్‌లో ఎంతమంది ఉన్నారు?" పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, హార్వర్డ్‌లో పనిచేసిన రిచర్డ్ హ్యాక్‌మన్, రూత్ వేగ్‌మన్ వాళ్ల బృందం ప్రపంచవ్యాప్తంగా 120 అగ్రస్థాయి నాయకత్వ టీమ్‌లని ఇదే అడిగితే, సభ్యులందరూ ఒకే జవాబు చెప్పిన టీమ్‌లు పది శాతం కూడా లేవు. మా ప్లాంట్‌లో 7, 7, 6, 9, 5, 7 వచ్చాయి. ఏడో చీటీలో "ఏ టీమ్?" అని ఉంది. వెటకారం అనుకున్నాను మొదట. తర్వాత తెలిసింది, అది ఇంజినీరింగ్ హెడ్ నిజంగానే అడిగిన ప్రశ్న. ఆయన్ని సగం మీటింగ్‌లకి పిలవరు.

ఇంత అవసరమా అంటే, ఉంది. ఒక టీమ్ బాగుపడడంలో 60 శాతం దాన్ని ఎలా కట్టారన్న దాంట్లోనే ఉంటుందనీ, 30 శాతం ఎలా మొదలుపెట్టారన్న దాంట్లో, మిగిలిన 10 శాతమే రోజువారీ కోచింగ్‌లో ఉంటుందనీ హ్యాక్‌మన్, వేగ్‌మన్ అనేవాళ్లు. కోచ్‌లకి మింగుడుపడని లెక్క. కానీ మీరు ఆ పది శాతంలోనే గింజుకుంటున్నారేమో చూసుకోండి.

మా ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ హెడ్ అప్రైజల్ నెలకి ఎన్ని బ్యాచ్‌లు తీశారన్న దాని మీద. క్యూఏ (నాణ్యత పద్ధతులు చూసే విభాగం) హెడ్ అప్రైజల్ ఆడిట్‌లో ఎన్ని తప్పులు దొరికాయన్న దాని మీద. ఒకరికి తొందరే లాభం, ఇంకొకరికి ఆగడమే లాభం. వీళ్లిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి "ఒకరి కష్టం ఒకరు అర్థం చేసుకోండి" అంటే ఆ పూటకి అర్థం చేసుకుంటారు, మార్చి నెలాఖరుకి మళ్లీ మొదటికొస్తుంది. ఇది మాటలతో పోయే జబ్బు కాదు. ఇలాంటిది కనిపిస్తే సెషన్ పెట్టకుండా ముందు ప్లాంట్ హెడ్ దగ్గరికి వెళ్లండి. ఇద్దరి అప్రైజల్‌లోనూ ఒక ఉమ్మడి లెక్క, ఉదాహరణకి బ్యాచ్ తయారైన రోజు నుంచి రిలీజ్ దాకా పట్టిన రోజులు, పెట్టగలరా అని అడగండి. ఆయన కుదరదంటే కుదరదని టీమ్‌కి కూడా తెలియాలి.

2. ఒప్పందం కాగితం మీద కాదు, ముఖాముఖి

అనుభవం ఉన్న కోచ్‌లు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. సెషన్ బాగా జరుగుతుంది, మర్నాడు హెచ్ఆర్ నుంచి ఫోన్: "మేడమ్, ఊరికే అడుగుతున్నా, మీకేమనిపించింది? ఆ ఇద్దరి వల్లే కదా ప్రాబ్లమ్?" ఆ ఫోన్‌లో మీరు "అబ్బే" అన్నా, "అలాగే అనిపించింది" అన్నా, ఆఖరికి ఒక నిట్టూర్పు విడిచినా, మీరు కోచ్ నుంచి కబుర్లు మోసేవాళ్లయిపోయినట్టే.

అందుకే ఆ ఫోన్ రాకముందే జవాబు సిద్ధంగా ఉండాలి. నేను మొదటి రోజే, డబ్బు కట్టేవాళ్ల ముందు, టీమ్ ముందు ఒకేలా చెప్పే మాట ఇది: "నా క్లయింట్ ఈ టీమ్. ఇందులో ఒక మనిషి కాదు. ఎవరి గురించీ ఎవరికీ విడిగా చెప్పను. టీమ్ ఎక్కడుందో తెలుసుకోవాలంటే టీమ్‌నే అడగండి, నేను పక్కన కూర్చుంటాను." ఫోన్ వచ్చినప్పుడు ఇదే మాట గుర్తుచేస్తాను. కొందరు నొచ్చుకుంటారు. ఒకసారి ఒక కంపెనీ నన్ను మళ్లీ పిలవలేదు కూడా.

పెద్దాయనతో మాత్రం విడిగా ఒక గంట కూర్చోవాలి. ఆ గంటలో అడగాల్సిన ప్రశ్నల్లో నాకు బాగా పనికొచ్చింది: "ఎవరైనా మీ మాట కాదంటే మీ ముఖం ఎలా మారుతుందండీ?" మా ప్లాంట్ హెడ్ నవ్వేశారు. "నాకెలా తెలుస్తుంది, మా ఆవిడని అడగాలి" అన్నారు. "అయితే సెషన్‌లో అలా మారినప్పుడు, అందరి ముందూ మీకు చెప్పొచ్చా?" అన్నాను. కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఈ ఒక్క అనుమతి లేకుండా పైస్థాయి టీమ్‌తో పని మొదలుపెట్టకండి. మీ జేబులో అంతకన్నా విలువైన పనిముట్టు ఇంకోటి ఉండదు.

ఇక రహస్యం సంగతి. ముందుగా అందరితో విడివిడిగా ముప్పావుగంట మాట్లాడి, "పేర్లు చెప్పను, సారాంశం మాత్రం చెప్తాను" అనడం మామూలే. ఇరవై మంది టీమ్‌లో అది నిలుస్తుంది. ఏడుగురిలో నిలవదు. "శాంపిల్స్ లేటుగా వస్తున్నాయని ఒక అభిప్రాయం ఉంది" అని మీరు అనగానే అది క్యూసీ అన్నదేనని గోడలకి కూడా తెలుస్తుంది. అందుకని నేను ఇప్పుడు విడి మాటల చివర ఇలా అడుగుతున్నాను: "ఇందులో ఏ మాట మీరే గదిలో చెప్పగలరు? ఏ మాట చెప్పాలంటే ఏం మారాలి?" సారాంశం రాయడం మానేశాను. రెండో ప్రశ్నకి వచ్చిన జవాబులే నా సెషన్ ప్లాన్.

3. నోరు మూసుకుని మూడు మీటింగ్‌లు చూడండి

సెషన్‌లో టీమ్ మీకోసం ముస్తాబై వస్తుంది. దాని అసలు రూపం తొమ్మిదిన్నరకి జరిగే రోజువారీ ప్రొడక్షన్ మీటింగ్‌లో ఉంటుంది. అనుమతి తీసుకుని ఒక మూల కూర్చోండి. కాగితం మీద ఒక వృత్తం గీసి, ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడ చిన్న సున్నాలు పెట్టండి. ఒకరు మాట్లాడగానే, ఎవరిని చూస్తూ మాట్లాడారో అటు ఒక గీత. మధ్యలో ఆపేస్తే గీత మీద అడ్డంగా చిన్న కోత. ఇరవై నిమిషాలు చాలు. ఏం మాట్లాడుతున్నారో రాయకండి. అది చెవులకి లంచం లాంటిది, చూపుని పక్కకి లాగేస్తుంది.

మా ప్లాంట్ కాగితం సైకిల్ చక్రంలా వచ్చింది. గీతలన్నీ మధ్యలోకి, అంటే ప్లాంట్ హెడ్ దగ్గరికి. పక్కపక్కన కూర్చున్న ప్రొడక్షన్‌కీ క్యూసీకీ మధ్య ఒక్క గీత లేదు.

కుటుంబ చికిత్స రంగం నుంచి వచ్చిన డేవిడ్ కాంటర్ ఏ సంభాషణలోనైనా నాలుగు రకాల కదలికలే ఉంటాయన్నాడు: ఒకరు ఒక మాట ముందుకు తెస్తారు, ఒకరు దానికి తోడొస్తారు, ఒకరు కాదంటారు, ఒకరు పక్కన నిలబడి చూసి ఏం జరుగుతోందో చెప్తారు. నాలుగూ ఉంటేనే టీమ్ ఆలోచించగలుగుతుంది. మీ కాగితం పక్కన ఈ నాలుగింటికీ నాలుగు గళ్లు గీసుకుని గుర్తులు పెట్టండి. మన ఆఫీసుల్లో నేను చూసినంతవరకు ఎక్కువగా ఖాళీగా ఉండేది మూడో గడి. కాదనేవాళ్లు లేక కాదు. వాళ్లు చెట్టు కింద కాదంటున్నారు.

4. చూసింది చూసినట్టు, ఒక్క వాక్యంలో

ఇప్పుడు అసలు నైపుణ్యం. మీరు చూసింది టీమ్‌కి చెప్పాలి, కానీ తీర్పులా కాకుండా, అద్దంలా.

"మీలో ఒకరంటే ఒకరికి నమ్మకం లేదనిపిస్తోంది" అంటే ఏమవుతుంది? "అలాంటిదేం లేదు మేడమ్, మేమంతా ఫ్యామిలీలా ఉంటాం" అంటారు. తలుపు పడిపోతుంది. మీరు చెప్పింది నిజమే కావచ్చు, కానీ అది మీ నిర్ణయం. దాన్ని కాదనడం తేలిక.

నేను రెండో సెషన్‌లో అన్నది: "గత పది నిమిషాల్లో ఐదుగురు మాట్లాడారు. ఐదుగురూ ప్లాంట్ హెడ్ గారి వైపే చూస్తూ మాట్లాడారు. ఒకరితో ఒకరు మాట్లాడడం నాకు కనబడలేదు." ఇందులో కాదనడానికేం లేదు. తర్వాత చేయాల్సింది ఒక్కటే, ఊరుకోవడం.

ఆ ఊరుకోవడం రాయడానికి తేలిక. ఏసీ చప్పుడు వినిపిస్తుంది. ఎవరో పెన్ను క్యాప్ తీసి పెడుతుంటారు. మీ గుండె కొట్టుకుంటూ ఉంటుంది, "ప్రశ్న అర్థమైందో లేదో" అని అనుమానం వస్తుంది, వెంటనే ఇంకో ప్రశ్న నాలుక చివరికి వస్తుంది. ఆ రెండో ప్రశ్న అడిగారా, అంతా గాలికి పోయినట్టే. వాళ్లకి తప్పించుకునే దారి మీరే తెరిచినట్టు. మనసులో నెమ్మదిగా ముప్పై దాకా లెక్కపెట్టండి. నేను ఇరవై రెండు దగ్గర ఉండగా ప్రొడక్షన్ హెడ్ అన్నాడు, బల్ల వైపు చూస్తూ: "ఇక్కడ ఒకరితో ఒకరం మాట్లాడితే అది గొడవలాగా కనిపిస్తుంది మేడమ్. సార్‌కి చెప్తే రిపోర్టింగ్ లాగా ఉంటుంది."

ఆరు నెలల పనిలో నాకు దొరికిన అతి ముఖ్యమైన వాక్యం అది. నేనేం చేశాను? దాన్ని బోర్డు మీద రాయలేదు, మెచ్చుకోలేదు, విడమర్చి చెప్పలేదు. "ఈ మాట విన్నాక మిగతావాళ్లకి ఏమనిపిస్తోంది?" అని మాత్రం అడిగి మళ్లీ వెనక్కి వాలాను.

ఇది ఇంట్లో సాధన చేయొచ్చు. ఏదైనా మీటింగ్ గుర్తుతెచ్చుకుని, మీరు చెప్పగలిగే పది పరిశీలనలు రాయండి. తర్వాత ఎర్ర పెన్నుతో విశేషణాలన్నీ కొట్టేయండి: "దూకుడుగా", "ఇబ్బందిగా", "మర్యాద లేకుండా". "ఎందుకు" అన్న మాట కొట్టేయండి. ఆ మాట వినగానే మనవాళ్లు సంజాయిషీ మొదలుపెడతారు. "అనిపిస్తోంది" తీసేసి "కనిపించింది", "వినిపించింది" పెట్టండి. మొదటిసారి పదింటిలో రెండు మిగిలితే గొప్ప.

5. సార్ ఉన్న గదిలో

మన దగ్గర వయసుకీ హోదాకీ ఉన్న బరువుని విదేశీ పద్ధతులతో దులిపేయాలని చూడకండి. అందరినీ పేరు పెట్టి పిలుచుకోమన్న ఒక ట్రైనర్‌ని చూశాను. సాయంత్రం దాకా ఎవరూ ఎవరినీ ఏమనీ పిలవలేదు. "సార్" ఉండనివ్వండి. సార్ అంటూనే కాదనడం నేర్పొచ్చు.

చేయాల్సినవి చిన్నవే. మాట్లాడే ముందు మూడు నిమిషాలు అందరూ రాసుకోవాలి. రాసింది ఎవరికీ ఇవ్వక్కర్లేదు, కానీ రాశాక మాట మార్చడం కష్టం. కింది స్థాయి నుంచి మొదలై పెద్దాయన ఆఖరున మాట్లాడాలి. ఇద్దరిద్దరుగా ఐదు నిమిషాలు మాట్లాడుకుని, పక్కవాళ్ల మాట చెప్పమనొచ్చు. పేరులేని చీటీలు మొదటి సెషన్‌కి పనికొస్తాయి, మూడో సెషన్‌లో కూడా అవే వాడుతుంటే మీరు భయానికి కొత్త ఇల్లు కట్టిస్తున్నట్టే.

భాష సంగతి ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ చెప్పగా నేను వినలేదు, కానీ హైదరాబాద్‌లో, విశాఖలో పనిచేసేవాళ్లకి ఇది రోజూ కనబడుతుంది. మీటింగ్ ఇంగ్లీషులో మొదలవుతుంది. విషయం గట్టిపడగానే ఇద్దరు తెలుగులోకి దిగుతారు. అసలు మాట అప్పుడే వస్తుంది. అదే క్షణంలో తెలుగు రాని క్యూఏ హెడ్ ఫోన్ చూసుకోవడం మొదలుపెడతాడు. ఇంగ్లీషులోకి లాగితే మాట చల్లారిపోతుంది, తెలుగులో వదిలేస్తే ఒక మనిషి బయట పడతాడు. నేను చేసేది: రెండు నిమిషాలు తెలుగులో సాగనిచ్చి, ఆపి, "ఇప్పుడు మీరన్నది ఆయనకి మీరే చెప్పండి" అంటాను. అనువాదం నేను చేయను. వాళ్లు చెప్పుకునేటప్పుడు కోపం సగం తగ్గుతుంది, విషయం మిగులుతుంది.

ఇంకో చిక్కు. టీమ్ కాస్త నోరు విప్పడం మొదలయ్యాక అంకెలు చెడతాయి, అప్పుడు యాజమాన్యం కంగారుపడుతుంది. మూడో నెలలో మా ప్లాంట్‌లో డీవియేషన్ రిపోర్టులు, అంటే పద్ధతి తప్పి ఏదైనా జరిగితే రాసిపెట్టేవి, పెరిగాయి. "మీరు వచ్చాక తప్పులు ఎక్కువయ్యాయే" అన్నారు ప్లాంట్ హెడ్, సగం నవ్వుతూ, సగం నిజంగా. నేను ఆయనకి ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలి సంగతి చెప్పాను. 1990ల్లో ఆమె ఆసుపత్రి వార్డుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లు లెక్కించింది. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే లెక్క తలకిందులైంది, మంచి టీమ్‌లలోనే ఎక్కువ నమోదయ్యాయి. తప్పులు ఎక్కువ చేసి కాదు, దాచకుండా చెప్పుకున్నందుకు. 1999లో ఆమె టీమ్‌లలో మానసిక భద్రత, అంటే భయం లేకుండా నోరు విప్పగలగడం, గురించి రాసిన ప్రసిద్ధ పరిశోధనకి వేరు అక్కడే ఉంది. పెద్దాయన విని, "అయితే ఆడిట్‌వాళ్లకి కూడా ఆవిడ్నే వచ్చి చెప్పమనండి" అన్నారు. నిజమే, ఆయన కష్టం ఆయనది. కాబట్టి ఈ సంభాషణ అంకెలు పెరిగాక కాదు, పని మొదలుపెట్టే రోజే జరగాలి. నేను ఆలస్యం చేశాను.

6. గొంతులు లేచినప్పుడు

గొడవ వస్తే ఆపడం మీ పని కాదు, నెమ్మదింపజేయడం మీ పని. ఒకరు చెప్పింది రెండోవారు తమ మాటల్లో తిరిగి చెప్పాకే జవాబివ్వాలన్న నియమం పెట్టండి. చాలా పాత పద్ధతి, ఇప్పటికీ ఇదే పనిచేస్తుంది. ఒకరి తరఫున మీరు మాట్లాడకండి, ఆ మనిషి కళ్లల్లో నీళ్లున్నా సరే. "ఆగి మాట్లాడతారా, ఇప్పుడే చెప్తారా?" అని ఆ మనిషినే అడగండి.

ఇంతకన్నా ముఖ్యం, గొడవంటే మీకేమవుతుందో తెలుసుకోవడం. నేను చిన్నప్పుడు మా ఇంట్లో గొంతులు పెరిగితే నీళ్ల చెంబు పట్టుకుని వంటింట్లోకి జారుకునేదాన్ని. ఇప్పుడు చెంబు లేదు గానీ, "ఒక చిన్న బ్రేక్ తీసుకుందామా?" అన్న మాట ఉంది. కొంతమంది కోచ్‌లు జోక్ వేస్తారు. కొందరు బలహీనంగా కనిపించినవాళ్ల పక్కకి చేరతారు. కొందరు స్లైడ్ మారుస్తారు. మీది ఏదో కనిపెట్టి ఒక కాగితం మీద రాసి నోట్‌బుక్ మొదటి పేజీలో అంటించుకోండి.

7. ఎప్పుడు ఏది

కొత్త టీమ్‌కి పద్ధతుల గురించి పాఠం చెప్తే ఎక్కదు, సగం దారిలో ఉన్నప్పుడు చెప్తే ఎక్కుతుంది. కోనీ గెర్సిక్ 1988లో ప్రచురించిన పరిశోధనలో ఎనిమిది టీమ్‌లని మొదటి నుంచి చివరిదాకా గమనించింది. కొన్నింటి పని వారం రోజులది, కొన్నింటిది నెలల తరబడి. గడువు ఎంతైనా, దాదాపు సరిగ్గా సగం దాటేటప్పుడు ప్రతి టీమూ ఉలిక్కిపడి తన పద్ధతి మార్చుకుంది. 2005లో హ్యాక్‌మన్, వేగ్‌మన్ దీన్ని కోచింగ్‌కి అన్వయించారు: మొదట్లో ఉత్సాహం, లక్ష్యం గురించి; మధ్యలో పని చేసే తీరు గురించి; చివర్లో నేర్చుకున్నదాని గురించి. మీ టీమ్ పనికి గడువు ఉంటే క్యాలెండర్‌లో సగం రోజు మీద గుర్తు పెట్టి, పెద్ద సెషన్ ఆ వారంలో పెట్టించండి. గడువంటూ లేని టీమ్ అయితే ఆడిట్‌కి ముందో, ఆర్థిక సంవత్సరం సగంలోనో ఒకటి మీరే కల్పించాలి.

8. మిమ్మల్ని ఎవరు చూస్తున్నారు?

పుస్తకాలు చదివి ఈ మెట్టు ఎక్కలేరు. మీ పనిని ఇంకో అనుభవజ్ఞుడి ముందు విప్పి పెట్టాలి. దాన్నే సూపర్‌విజన్ అంటారు. తనిఖీ కాదది. ఐసీఎఫ్ అని పిలిచే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ 2020లో టీమ్ కోచింగ్‌కి విడిగా సామర్థ్యాల జాబితా ప్రకటించింది, తర్వాత ఏసీటీసీ అనే పై స్థాయి సర్టిఫికెట్ తెచ్చింది. దానికి 60 గంటల శిక్షణ, 50 గంటల టీమ్ కోచింగ్ అనుభవం, 5 గంటల సూపర్‌విజన్, ఒక పరీక్ష అడుగుతారు, ముందే వాళ్లిచ్చే కోచింగ్ గుర్తింపు (క్రెడెన్షియల్) ఒకటి ఉండాలి. సర్టిఫికెట్ తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం, పెద్ద కంపెనీల టెండర్లలో పనికొస్తుంది. ఆ ఐదు గంటలు మాత్రం సర్టిఫికెట్ తీసుకోకపోయినా తీసుకోండి. నా ఉద్దేశంలో ఐదు చాలవు కూడా.

ఎందుకో చెప్తాను. రెండో నెలలో నా సూపర్‌వైజర్‌కి ఈ ప్లాంట్ గురించి చెప్పాను. "పర్లేదండీ, కాస్త కోఆర్డినేషన్ కుదరాలి, మొత్తమ్మీద బాగానే నడుస్తోంది." ఆవిడ కాసేపు ఊరుకుని, "మీ ప్లాంట్‌వాళ్లలాగే మాట్లాడుతున్నారే" అన్నారు. ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. గదిలో జరిగేది కోచ్‌కి అంటుకుని, కోచ్ దాన్ని ఇంకో గదిలో మళ్లీ ఆడడం కొత్తదేం కాదు. 1955లోనే హెరాల్డ్ సియర్ల్స్ అనే మానసిక వైద్యుడు దీని గురించి రాశాడు. కానీ మనకే జరుగుతున్నప్పుడు మనకి కనపడదు. కనపడాలంటే ఇంకో జత కళ్లు కావాలి.

ప్రతి సెషన్ అయ్యాక, కారెక్కకముందే, మూడు సంగతులు రాయండి: ఏం జరిగింది, అప్పుడు నాకు లోపల ఏమైంది, నేను చేసింది టీమ్ కోసమా నా కోసమా. మూడోదానికి నిజం రాయడానికి కొంతకాలం పడుతుంది. సూపర్‌విజన్‌కి ఈ కాగితాలే తీసుకెళ్లండి, నెగ్గిన కథలు కాదు.

9. మెల్లగా కుర్చీ ఖాళీ చేయండి

సగం దారి నుంచే మీ పని ఒక్కొక్కటిగా వాళ్లకి అప్పగించాలి. నాలుగో సెషన్ నుంచి ఆ వృత్తం, గీతల కాగితం టీమ్‌లోనే ఒకరి చేతికిచ్చాను, వంతులవారీగా. మీటింగ్ చివర ఐదు నిమిషాలు వాళ్లే చెప్పాలి, చూసింది చూసినట్టు. స్టోర్స్ హెడ్ వంతు వచ్చిన రోజు ఆయన గొంతు సవరించుకుని, "సార్, ఇవాళ మీరు క్యూసీని రెండుసార్లు మధ్యలో ఆపారు" అన్నాడు. పెద్దాయన ముఖం మారింది. నేను నోరు తెరవబోయాను, ఇచ్చిన అనుమతి ఉందిగా. అవసరం పడలేదు. "మారిందా నా ముఖం?" అని ఆయనే అడిగారు, అందరూ నవ్వారు. ఆ నెలలోనే శాంపిల్ మధ్యాహ్నం రెండులోపు ల్యాబ్‌కి చేరాలని ప్రొడక్షన్, క్యూసీ వాళ్లే మాట్లాడుకుని పెట్టుకున్నారు. నాకు తర్వాత తెలిసింది.

ఆఖరి సెషన్‌లో మీ గురించి అడగండి. "ఎలా ఉంది?" అని అడిగితే "చాలా బాగుంది మేడమ్" అని వస్తుంది, మీకు మీరు వేపచెట్టు నాటుకున్నట్టవుతుంది. పట్టుకునేలా అడగండి: "నేను ఊరుకోవాల్సిన చోట మాట్లాడింది ఎప్పుడు?" అడిగి, మీరు నేర్పిన నిశ్శబ్దంలో మీరే కూర్చోండి.

నాకు జవాబు చెప్పింది స్టోర్స్ హెడ్. "మూడో సెషన్‌లో మేడమ్. ప్రొడక్షన్ సార్, నేను గట్టిగా అనుకుంటున్నాం. అసలు విషయం చెప్పబోతున్నాను. మీరు బ్రేక్ అన్నారు. తర్వాత నేను చెప్పలేదు."

ఇంటికి వెళ్లి ఆ రోజు నోట్స్ తీసి చూశాను. "చర్చ వేడెక్కింది. సమయానికి బ్రేక్ ఇచ్చాను" అని రాసుంది. పక్కన టిక్కు కూడా పెట్టుకున్నాను.